పెద్ద ఆఫీసర్లకు మళ్లీ బడి ఎందుకు? పిల్లలకు ఉత్తరం

కావలి,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులు లాస్యకు, సుధీర్‌కు, సెలవుల్లో మా అరుగు మీద కూర్చుని పాఠాలు వినే పిల్లలందరికీ ఆశీస్సులు.

సంక్రాంతి పండక్కి నా పాత విద్యార్థి ఒకరు మనింటికి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సైన్యంలో బ్రిగేడియర్ హోదాలో ఉన్న ఆయన, పోయిన ఏడాదంతా ఢిల్లీలో చదువుకున్నానని చెప్పగానే లాస్య, "అంత పెద్ద ఆఫీసరయ్యాక మళ్లీ బడేమిటి తాతయ్యా?" అని అడిగింది. అది బాగా ఆలోచించి జవాబు చెప్పవలసిన ప్రశ్న కాబట్టి, తీరిగ్గా ఉత్తరం రాస్తానని ఆ రోజు మాట ఇచ్చాను.

ఆయన చదివినది నేషనల్ డిఫెన్స్ కాలేజీలో. లండన్‌లో 1927లో మొదలైన ఇలాంటి కళాశాలను చూసి, మన ప్రభుత్వం 1960లో దీన్ని ఢిల్లీలో నెలకొల్పింది. కోర్సు 47 వారాలు సాగుతుంది. బ్రిగేడియర్లు, నౌకాదళంలోనూ వైమానిక దళంలోనూ వారితో సమానమైన హోదా ఉన్నవారు, ఐఏఎస్, ఐపీఎస్, విదేశాంగ సర్వీసుల్లో జాయింట్ సెక్రటరీ స్థాయికి చేరినవారు, మనతో స్నేహంగా ఉండే దేశాల సైనికాధికారులు, ఇలా వంద మందికి పైగా కలిసి కూర్చుని చదువుతారు. దాదాపు అందరూ యాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్నవారే. తుపాకీ పేల్చడం, ఫైలు రాయడం అక్కడ నేర్పరు, ఎందుకంటే అవి వారికి ఎప్పుడో వచ్చు. దేశంలోని సమాజం, ఆర్థిక వ్యవస్థ, ప్రపంచ పరిణామాలు, ఇరుగుపొరుగు దేశాలు, వీటన్నిటికీ దేశ భద్రతతో ఉన్న సంబంధం వారి పాఠ్యాంశాలు. తరగతి గదితో సరిపెట్టకుండా సరిహద్దు ప్రాంతాలకూ విదేశాలకూ తీసుకువెళ్లి చూపిస్తారు.

ఈ చదువు ఎందుకు అవసరమో ముందు చెబుతాను. ముప్ఫై ఏళ్లు ఒకే శాఖలో పనిచేసినవారికి తమ చాలు తప్ప పక్క చాలు కనిపించదు. ఓడల రాకపోకలు తెలిసినవారికి పంటల లెక్క తెలియదు, ధరల లెక్క తెలిసినవారికి పొరుగు దేశంలో ఎన్నికలెప్పుడో పట్టదు. కింది హోదాల్లో ఉన్నంతకాలం దానివల్ల పెద్ద నష్టం ఉండదు గానీ, పైస్థాయికి చేరాక వారు వేసే ఒక్కొక్క సంతకం నాలుగు శాఖల మీద, మూడు దేశాల మీద పడుతుంది. అందుకే ఆ మెట్టు ఎక్కబోయే ముందు వారిని ఒక ఏడాది పాటు ఉద్యోగం నుంచి పక్కకు తప్పించి చదివిస్తారు.

ఒక దేశం ఉన్న చోటు, దాని ఇరుగుపొరుగు, సముద్రాలు దాని రాజకీయాలను మలిచే తీరును భౌగోళిక రాజకీయాలు అంటారు. ఆ మాట మీకు బరువుగా తోచవచ్చు. దాని సంగతి మన వంటింట్లోనే చూడవచ్చు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఆ రెండు దేశాల నుంచే వచ్చేది, అందులోనూ ఉక్రెయిన్‌దే పెద్ద వాటా. అది చిక్కుల్లో పడ్డాక పామాయిల్‌కు గిరాకీ పెరిగింది. తమ ప్రజలకే నూనె అందడం లేదని ఇండోనేషియా ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతిని ఆపేసి, మే 23న గానీ తిరిగి అనుమతించలేదు. ఆ రోజుల్లో మీ నాయనమ్మ అప్పడాలు వేయించగా మూకుట్లో మిగిలిన నూనెను పలుచటి గుడ్డతో వడగట్టి, చిన్న సీసాలో పోసి, మర్నాటి తాలింపుకు దాచుకునేది. కృష్ణపట్నం రేవులో దిగే ముడి పామాయిల్‌ను శుద్ధి చేసే ఫ్యాక్టరీలు పక్కనే ముత్తుకూరు మండలంలో ఉన్నాయి కనుక, ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన నిర్ణయం మన జిల్లాకు దూరపు వార్త కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దిమ్మలు చైనాకు వెళ్లడం, 2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇక్కడి రొయ్యల రైతు కుంగిపోవడం కూడా ఇలాంటివే. అటువంటి వేళ ఢిల్లీలో ఒక బల్ల చుట్టూ చేరే ఆహార శాఖ అధికారి, జకార్తాలో పనిచేసి వచ్చిన రాయబార అధికారి, సముద్ర మార్గాలు తెలిసిన నౌకాదళ అధికారి ఒకరి భాష ఒకరికి అర్థమయ్యేలా మాట్లాడుకోగలగాలి. ఆ అలవాటు కష్టం వచ్చిన రోజున అప్పటికప్పుడు రాదు.

పోయిన వేసవిలో మనం అరుగు మీద బంగాళాఖాతం పటం పరచి, చింతపిక్కలు పెట్టిన ఆట గుర్తుందా? కృష్ణపట్నం మీద ఒకటి, చెన్నై మీద ఒకటి, శ్రీలంక రేవులు ట్రింకోమలీ, హంబన్‌టోట, బంగ్లాదేశ్ రేవు చట్టోగ్రామ్, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) మీద ఒక్కొక్కటి పెట్టి, చివరి పిక్కను సుధీర్ గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ మీద పెట్టాడు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,360 కిలోమీటర్లు. ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా దీవులకు మాత్రం ఇంచుమించు కావలి నుంచి తిరుపతికి ఉన్నంత దూరమే. అప్పుడు నేను పటాన్ని అటు తిప్పి మిమ్మల్ని ఇండోనేషియాలోని సుమత్రా దీవి వైపు కూర్చోబెట్టాను. అక్కడి నుంచి చూస్తే మొదట కనిపించే భారతదేశం చెన్నై కాదు, నికోబార్. సుమత్రాకూ మలేషియాకూ మధ్య ఉన్న మలక్కా జలసంధిలోకి వెళ్లే ఓడలు ఆ దీవుల దక్షిణపు కొసకు దగ్గరగానే సాగిపోతాయి. త్రివిధ దళాలను ఒకే అధిపతి కిందికి తెచ్చిన మన దేశపు తొలి కమాండ్‌ను 2001లో అండమాన్ నికోబార్‌లోనే ఎందుకు పెట్టారో మీకు అప్పుడు చెప్పకుండానే తెలిసింది. ఆ అధికారులు ఢిల్లీలో చేసే చదువులో ముఖ్యమైనది కూడా ఇదేనని నా నమ్మకం: పటాన్ని తిప్పి, ఎదుటి ఒడ్డు నుంచి చూడడం.

అది నాకూ తేలికగా రాలేదు. బంగాళాఖాతంలో మనకూ బంగ్లాదేశ్‌కూ మధ్య సముద్రపు హద్దు గురించి చాలాకాలం తగువు నడిచింది. 2014 జులై 7న అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి, వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. పేపర్లో అది చదివి నాకు కోపం వచ్చింది. సాయంత్రం పటం ముందు కూర్చుని, రెండు తీరాలకూ సమాన దూరంలో దారం పెట్టి చూశాను. బంగ్లాదేశ్ తీరం కొడవలి లోపలి అంచులా లోనికి వంగి ఉంటుంది కాబట్టి, ఇటు మన గీత, అటు మయన్మార్ గీత ముందుకు సాగి దగ్గరపడి, వారి సముద్రాన్ని ఒక ఇరుకు ముక్కగా మిగులుస్తున్నాయి. వారి ఫిర్యాదులో న్యాయముందని ఆ దారమే నాకు చెప్పింది. మన ప్రభుత్వం ఆ తీర్పును ఒప్పుకుంది. పొరుగువారితో తగువు తీర్చుకుని స్నేహం నిలుపుకోవడం కూడా దేశ రక్షణలో భాగమేనని తెలిసిన అధికారులు ఉన్నప్పుడే అలాంటి నిర్ణయం సాధ్యమవుతుంది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన తీరంలోనే ఉంది. తమిళనాడు నుంచి పెద్ద మరబోట్లు వచ్చి తమ వలలు తెంపేస్తున్నాయని, చేపంతా ఊడ్చుకుపోతున్నాయని మన మత్స్యకారులు బాధపడడం మీరు వినే ఉంటారు. ఇప్పుడు పాక్ జలసంధి అవతల శ్రీలంకలోని జాఫ్నా వైపుకు వెళ్లండి. అంతర్యుద్ధం వల్ల ఏళ్ల తరబడి సముద్రంలోకి స్వేచ్ఛగా వెళ్లలేకపోయిన అక్కడి తమిళ మత్స్యకారులు, 2009లో యుద్ధం ముగిశాక మళ్లీ వేటకు దిగితే, వారూ ఇదే మాట అంటున్నారు, తమిళనాడు మరబోట్ల గురించే. అడుగును గీకే ట్రాల్ వలలను శ్రీలంక 2017లో నిషేధించింది. రామేశ్వరం వారి బాధ కూడా అబద్ధం కాదు. తరతరాలుగా వేటాడిన నీళ్లలో 1974, 1976 ఒప్పందాలతో హద్దు వచ్చింది, కచ్చతీవు అనే చిన్న దీవి శ్రీలంక వైపుకు పోయింది, పట్టుబడినవారు పరాయి జైళ్లలో మగ్గుతున్నారు. ఒక్క రామేశ్వరం మాటే విన్న అధికారికి గానీ, పటంలోని గీతను మాత్రమే చూసిన అధికారికి గానీ ఈ ముడి విప్పడం చేతకాదు. ఢిల్లీ తరగతిలో తన పక్క కుర్చీ ఒక శ్రీలంక నౌకాదళ అధికారిదని, ఆయన ఎదురుగా ఉన్నప్పుడు ఏ మాటైనా రెండుసార్లు ఆలోచించి అనవలసి వచ్చేదని నా విద్యార్థి చెప్పాడు. విదేశీ అధికారులను పిలిచి చదివించడంలోని మేలు ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది.

చదివినవారందరూ మంచి దారినే నడుస్తారని మాత్రం అనుకోకండి. 1975లో అక్కడ చదివిన బంగ్లాదేశ్ అధికారి ఎర్షాద్, 1982లో తన దేశంలో ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కాడు. చదువు చూపునిస్తుంది, బుద్ధిని పూచీపడి ఇవ్వలేదు. అయినా చూపు లేకపోతే జరిగే నష్టం ఇంకా పెద్దది. 1999లో కార్గిల్ యుద్ధం ముగిశాక కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం, సమాచారాన్ని సేకరించే సంస్థల మధ్య సమన్వయం సరిగా లేదని తేల్చింది. ఎవరికి వారు తమ ముక్కను పట్టుకుని కూర్చుంటే మంచుకొండల మీద ప్రాణాలు పెట్టవలసింది పాతికేళ్ల కుర్రవాళ్లు. అందుకే ఈ విషయాన్ని నేను ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ఈ వేసవిలో మీరు వచ్చేసరికి వేట నిషేధం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ తీరికగా ఉంటారు. తుమ్మలపెంటకు వెళ్లి, తమిళనాడు బోట్ల గురించి వారినే అడుగుదాం. వచ్చాక లాస్య జాఫ్నా వైపు, సుధీర్ రామేశ్వరం వైపు కూర్చుని వాదించండి, మరునాడు వైపులు మార్చుకోండి. పటాన్ని మడత పెట్టకుండా చుట్టి తీసుకురండి. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను.

ఇట్లు,
మీ తాతయ్య