పొర తీస్తే కంట్లో చోటు పెరుగుతుంది

"కంట్లో పొర ముదిరిందంట, తీయించరా" అంటూ మా పెద్దమ్మ నెల్లూరు నుంచి చెన్నై వచ్చింది. డాక్టరుగారు స్కాన్ కాగితం మా ముందు పెట్టారు. పైన విల్లులా వంగిన కార్నియా, అంటే కంటి ముందుండే గాజులాంటి భాగం, దాని కింద ఐరిస్, అంటే కంటి రంగు వలయం. అది ముందుకు ఉబ్బి, అంచుల్లో కార్నియాను దాదాపు తాకుతోంది. నేను ఆ పొర గురించి, అంటే లెన్స్ మసకబారే శుక్లం గురించి అడుగుతుంటే ఆయన వేలు మాత్రం ఆ మూల దగ్గరే ఆగింది.

కార్నియాకీ ఐరిస్‌కీ మధ్య ఖాళీయే కంటి ముందు గది. మధ్యలో లోతు సుమారు 3 మిల్లీమీటర్లు, పట్టే నీరు పావు మిల్లీలీటరు, అంటే ఐదారు చుక్కలు. ఆ నీరు ఐరిస్ వెనక ఊరి, కనుపాపలోంచి ముందుకొచ్చి, మూలలో ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ మూల మూసుకుంటే నీరు నిలిచి కంటి ప్రెషర్ పెరుగుతుంది. ఒక్కసారిగా మూసుకుపోతే కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు వస్తాయి. చాలామంది దాన్ని పైత్యం అనుకుని పడుకుంటారు. అలా పడుకోకూడదు, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

మూల ఇరుకు కావడానికి ముఖ్య కారణం ఐరిస్ వెనకున్న మన సొంత లెన్సే. అది బతికినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. పాత పోగులు పోవు, వాటిపైనే కొత్తవి చేరతాయి. వయసులో 4 మిల్లీమీటర్ల లోపు ఉండేది, శుక్లం ముదిరేనాటికి 5 దగ్గరికి వచ్చి ఐరిస్‌ను ముందుకు నెడుతుంది.

ఆపరేషన్లో ఆ లావు లెన్స్‌ను తీసి, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండే కృత్రిమ లెన్స్ పెడతారు. ఇలాంటి లెన్స్‌ను 1949లో లండన్‌లో మొదట అమర్చినవాడు హెరాల్డ్ రిడ్లీ అనే కంటి సర్జన్. లెన్స్ పలచబడగానే ఐరిస్ వెనక్కి జరుగుతుంది, ముందు గది లోతవుతుంది, మూల తెరుచుకుంటుంది. చాలామందిలో ప్రెషర్ కూడా కొంత దిగుతుంది. మూల మూసుకుపోయి ప్రెషర్ పెరిగిన కళ్లలో శుక్లం లేకపోయినా లెన్స్ తీయడం లేజర్ చికిత్స కన్నా మేలు చేసిందని 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈగిల్ అధ్యయనం చెప్పింది.

ఇదే చెన్నైలో ఎగ్మూరు కంటి ఆసుపత్రి 1819 నాటిది. అక్కడ పనిచేసిన ఎలియట్ అనే కంటి డాక్టరు 1909లో, నీరు బయటికి పోవడానికి కంటికి చిన్న రంధ్రం చేసే పద్ధతి తెచ్చాడు. అప్పుడూ ఇప్పుడూ పోరాటం ఆ కాస్త నీటికి దారి ఇవ్వడానికే.

ఆపరేషన్‌తో నష్టం అసలు లేదని కాదు. కార్నియా లోపలివైపు ఉండే కణాలు పోతే మళ్లీ పుట్టవు. అందుకే వాటికి దెబ్బ తగలకుండా ముందు గదిని జెల్‌తో నింపి పనిచేస్తారు. గది ఇరుకైతే సర్జన్ చేతికి చోటు తక్కువ, జాగ్రత్త ఎక్కువ కావాలి. లోపల జెల్ మిగిలితే మొదటి రోజు ప్రెషర్ పెరగొచ్చు. మర్నాడు తప్పకుండా చూపించుకోమనేది అందుకే.

ఆరు వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీశారు. ఐరిస్ చదునుగా పరుచుకుని ఉంది, మూలలో నల్లటి ఖాళీ స్పష్టంగా కనిపించింది. పెద్దమ్మ కాగితం వైపు చూడనేలేదు. "ప్రెషర్ చుక్కలు మానెయ్యనా బాబూ?" అని అడిగింది. "ఇప్పుడే వద్దమ్మా, మూడు నెలలు చూద్దాం" అన్నారాయన.