ముందు చేరేది వాళ్లే, సాయం అందేది ఆఖర్న

1981 ఫిబ్రవరి 7న బెంగళూరులో వీనస్ సర్కస్ డేరా అంటుకుని 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఆ దుఃఖాన్ని ఎలా భరించాయో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు తర్వాత అధ్యయనం చేశారు. విపత్తు జరిగాక మనసుల సంగతి కూడా చూడాలని మన దేశంలో జరిగిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అయితే అది బంధువుల గురించే. శవాలను బయటికి మోసిన ఫైర్ సిబ్బంది, పోలీసులు, మార్చురీ పనివాళ్లు ఆ రాత్రి నిద్రపోయారా అన్న ప్రశ్న అందులో లేదు.

మానసిక వైద్యం ఈ ఊరికి కొత్తేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచే ఇక్కడ పిచ్చాసుపత్రి ఉంది. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది. 1974లో ఆ రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల వాళ్లు ఇప్పటికీ ఫైళ్లు పట్టుకుని హోసూరు రోడ్డు దగ్గర దిగుతూనే ఉంటారు. కానీ ఆసుపత్రి ఉన్నది జబ్బుపడి వచ్చినవాళ్ల కోసం. పని చేస్తూ చేస్తూ లోపల నలిగిపోయేవాళ్ల లెక్క వేరే.

ఆ లెక్క మొదలైంది యుద్ధంలో. ఫిరంగుల మధ్య వణికిపోయిన సైనికుల గురించి 1915లో బ్రిటిష్ డాక్టర్ చార్లెస్ మయర్స్ రాశాడు. 1980లో అమెరికా మనోవైద్యులు పీటీఎస్‌డీని, అంటే ఘోరం చూశాక మనసును వదలకుండా వెంటాడే బాధని, అధికారిక జబ్బుల జాబితాలో చేర్చారు. మూడేళ్లకు, అంతకుముందు ఫైర్ సర్వీసులో పనిచేసిన జెఫ్రీ మిచెల్ ఒక పద్ధతి చెప్పాడు: ఘోరం చూసిన సిబ్బందిని రెండు మూడు రోజుల్లోపు ఒకచోట కూర్చోబెట్టి, చూసింది, అనిపించింది అంతా చెప్పించాలి. వినడానికి ఎంత బాగుంది! పాశ్చాత్య దేశాల్లో ఫైర్ స్టేషన్లు, బ్యాంకులు, కంపెనీలు దాన్ని ఎగబడి పెట్టుకున్నాయి.

తీరా పరీక్షించి చూస్తే, ఒక్కసారి అలా మాట్లాడించినంత మాత్రాన పీటీఎస్‌డీ ఆగడం లేదని పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష 2002లో తేల్చింది. కాలిన గాయాల రోగులతో జరిగిన ఒక పరిశోధనలోనైతే, ఏడాది దాటాక చూస్తే అలా మాట్లాడించిన వాళ్లలోనే పీటీఎస్‌డీ ఎక్కువ కనిపించింది. ఆ పరీక్షలు బాధితుల మీద చేసినవే గానీ సిబ్బంది బృందాల మీద కాదని మిచెల్ పక్షం వాదన. అందులో కొంత నిజముంది. ఏమైనా 2011 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది వేరే: బలవంతంగా ఏదీ చెప్పించొద్దు, ముందు భద్రత, తిండి, నిద్ర, అయినవాళ్ల తోడు చూడండి. మన ఇళ్లలో పెద్దలు చేసేదీ దాదాపు ఇదే.

బెంగళూరు సిబ్బంది మాత్రం తమకేం కావాలో తామే చెప్పారు. 2016 జూన్ 4న కర్ణాటక పోలీసులు మూకుమ్మడి సెలవుకు పిలుపునిచ్చారు. అడిగింది వారానికొక సెలవు, సరైన జీతం, పై అధికారుల వేధింపుల నుంచి విముక్తి. కౌన్సెలింగ్ కోసం కాదు ఆ పిలుపు. 108 అంబులెన్స్ సిబ్బంది సంగతీ అంతే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్సులు 2008 నవంబర్ 1న కర్ణాటకకు వచ్చాయి. ఇక్కడ వాటి సిబ్బంది సమ్మె మాట ఎత్తినప్పుడల్లా ముందు వినిపించింది జీతాల బకాయిల గొడవే. నెత్తురు చూసి వచ్చినవాడికి నెలాఖరున జీతం రాకపోతే, ధైర్యం గురించి క్లాసు పీకడం అతన్ని వెక్కిరించడమే.

ఐటీ వైపు కథ ఇంకో దారిలో నడిచింది. 1985లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకు వచ్చింది, ఆ తర్వాత కాల్ సెంటర్లు, రాత్రి షిఫ్టులు. మారతహళ్లి, బీటీఎం లేఔట్ పీజీల్లో సగం మాటలు తెలుగే. ఇప్పుడు అందరి నోటా ఉన్న బర్నౌట్ గురించి, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డస్సిపోవడం గురించి, 1974లో రాసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ చూసింది మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్లను కాదు, న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో సేవ చేసి చేసి అలసి చితికిపోయిన వాలంటీర్లను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బు అనకుండా పనికి సంబంధించిన పరిస్థితి అంది. అంటే సరిచేయాల్సింది పనినే. కంపెనీలు మాత్రం యోగా సెషన్లు, మెడిటేషన్ యాప్‌లు ఇచ్చి ఊరుకున్నాయి. 2024 జులైలో కర్ణాటకలో ఐటీ పనివేళలను ఓవర్‌టైంతో కలిపి రోజుకు 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వస్తే ఐటీ ఉద్యోగుల సంఘం గట్టిగా అడ్డుకుంది.

ఈలోగా చట్టం కదిలింది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కు చేసింది, శారీరక జబ్బుల్లాగే దీనికీ ఇన్సూరెన్స్ ఇవ్వాలంది. 2022 అక్టోబర్ 10న మానసిక సాయం అందించే ఫోన్ సేవ టెలీ మానస్ మొదలైంది, దాని ప్రధాన కేంద్రం నిమ్హాన్సే. 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. డబుల్ డ్యూటీ దిగి వచ్చిన కానిస్టేబుల్ చేసినా వింటారు. మర్నాటి డ్యూటీ చార్టు మాత్రం స్టేషన్‌లోనే రాస్తారు.