ఓక్ పార్క్ నడక: ఆ ఇళ్లు ఎలా మిగిలాయి?

షికాగో నగరానికి పడమటి అంచున ఓక్ పార్క్ అనే చిన్న ఊరుంది. సిటీ నుంచి రైలెక్కితే అరగంటలోపే వచ్చేస్తుంది. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇళ్లు ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని మరెక్కడా లేవు. అందుకే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఫారెస్ట్ అవెన్యూలో నడుస్తుంటారు. అవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు కాబట్టి ఫుట్‌పాత్ మీద నిలబడి చూడాల్సిందే. కొందరు యజమానులు మాత్రం ఏడాదికోసారి తలుపులు తీసి, టికెట్ కొన్నవాళ్లని లోపలికి రానిస్తారు.

ఆ వీధిలో 1902 నాటి హర్ట్లీ ఇంటి ముందు కాసేపు ఆగాలి. గోడలో కొన్ని ఇటుక వరసలు కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎండ పడినప్పుడు వాటి కింద సన్నటి నీడ గీతలు పడి, ఇల్లంతా నేలని అంటిపెట్టుకుని బారుగా పడుకున్నట్టు కనిపిస్తుంది. వీధి తలుపు ఎక్కడుందో వెంటనే తెలీదు. పెద్ద అర్ధచంద్రాకారపు కమాను వెనక నీడలో దాక్కుని ఉంటుంది. కూర్చునే గది, భోజనాల గది పై అంతస్తులో పెట్టారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల అందరూ కోసు కప్పులతో, బొమ్మరిల్లులాంటి నగిషీలతో ఇళ్లు కట్టుకుంటుంటే, దీన్ని చూసి ఊరు ఎంత ఆశ్చర్యపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ ఊరిని పెంచింది రైలు, నిప్పు. షికాగో నుంచి మొదటి రైలు మార్గం 1848లో ఇటువైపే వేశారు. 1871లో జరిగిన మహా అగ్నిప్రమాదంలో నగరంలో దాదాపు లక్షమంది ఇళ్లు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఇరుకు వద్దు, చెట్లూ ఖాళీ జాగా కావాలనుకున్న కుటుంబాలు రైలు దారి వెంట బయటికి వచ్చాయి. 1889లో రైట్ తనకి ఉద్యోగమిచ్చిన ఆర్కిటెక్ట్ లూయీ సలివన్ దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకుని ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి అతని వయసు 22. 1898లో దాని పక్కనే స్టూడియో వేశాడు. 1909లో కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆ ఇంటిని వాటాలుగా విడగొట్టి అద్దెలకిచ్చారు. గోడలు మారాయి, గదులు మారాయి. 1974లో ఊరివాళ్లు కొందరు ఒక సంస్థ పెట్టుకుని, ఇంటిని కొనిపించి, 1909లో ఉన్న రూపానికి తీసుకురావడానికి పూనుకున్నారు. ఆ పని 1987 దాకా సాగింది.

అమెరికాలో పాత ఇళ్లు చూపించి డబ్బు పోగుచెయ్యడం అప్పటికే కొత్త కాదు. వర్జీనియాలో తోటల క్లబ్బుల మహిళలు 1929లోనే ఇళ్లూ తోటలూ తెరిచి చూపించడం మొదలుపెట్టారు. 1932లో, ఆర్థిక మాంద్యం నడిమధ్యలో, మిసిసిపీలోని నాచెజ్‌లో పత్తి దొరల భవంతులకి టూర్లు పెట్టారు. ఆడవాళ్లు పాతకాలపు గౌన్లు తొడుక్కుని అతిథులకి స్వాగతం చెప్పేవాళ్లు. ఆ భవంతులు బానిసల చెమటతో లేచాయన్న సంగతి మాత్రం చాలా ఏళ్లు ఎవరూ ఎత్తలేదు. ఇళ్లు చూపించేటప్పుడు ఏది చెప్పాలి, ఏది దాటెయ్యాలి అన్న సమస్య అప్పటినుంచీ ఉంది. నాకు ముఖ్యంగా తోచేది అదే. 1963లో న్యూయార్క్‌లోని పాత రైల్వే స్టేషన్ పెన్ స్టేషన్‌ని కూలగొట్టడం మొదలుపెట్టాక జనంలో కోపం వచ్చింది. 1966లో చారిత్రక కట్టడాల రక్షణకి దేశవ్యాప్త చట్టం కూడా వచ్చింది. కానీ ఒక వీధి మొత్తం నిలబడాలంటే చట్టం ఒక్కటే చాలదు. అందులో ఉండే మనుషులు ఊరొదిలి పోకూడదు.

ఓక్ పార్క్ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. 1950లో పెర్సీ జూలియన్ ఇక్కడ ఇల్లు కొన్నాడు. సోయా గింజల నుంచి హార్మోన్లని పెద్దఎత్తున తయారుచేసే దారి చూపించిన నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఆయన. ఇంకా దిగకముందే, థాంక్స్‌గివింగ్ పండుగ రోజున, ఆ ఇంటికి నిప్పుపెట్టే ప్రయత్నం జరిగింది. 1951 జూన్‌లో, తల్లిదండ్రులు ఊళ్లో లేని రాత్రి, పిల్లల పడకగది పక్కన డైనమైట్ పేలింది. జూలియన్ వెళ్లిపోలేదు. ఊళ్లో కొందరు ఆయన పక్షాన నిలబడ్డారు. 1975లో చనిపోయేదాకా ఆ ఊరివాడిగానే ఉన్నాడు.

1960లలో పక్కనే ఉన్న ఆస్టిన్ పేటలో ఇంకో కథ నడిచింది. నల్లవాళ్లు వచ్చేస్తున్నారు, మీ ఇంటి రేటు పడిపోతుంది అంటూ బ్రోకర్లు తెల్లవాళ్లని భయపెట్టి ఇళ్లు చవగ్గా అమ్మించారు. అవే ఇళ్లని నల్లవాళ్లకి ఎక్కువ ధరకి అంటగట్టారు. 1930ల నుంచి నల్లవాళ్లుండే పేటల్ని మ్యాపుల్లో ఎర్రగా గుర్తుపెట్టి, అక్కడ అప్పులు ఇవ్వకుండా ఆపేసిన విధానం దీనికి తోడైంది. కొన్నేళ్లలోనే తెల్లవాళ్లు పేటలు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అప్పు పుట్టని చోట కప్పు బాగుచేయించుకోవడమూ కష్టమే. ఇల్లు ఎంత అందమైనదైనా ఆ దెబ్బకి తట్టుకోలేదు.

ఓక్ పార్క్‌లోనూ అదే టెన్షన్ ఉంది. కానీ 1968లో ఊరి పాలక మండలి, జాతి చూసి ఇల్లు అమ్మను, అద్దెకివ్వను అనడానికి వీల్లేదని శాసనం చేసింది. 1972లో రాబర్టా రేమండ్ ఒక హౌసింగ్ సెంటర్ మొదలుపెట్టింది. అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చే తెల్లవాళ్లూ నల్లవాళ్లూ వేరువేరు వీధుల్లో పోగుపడకుండా కలిసి ఉండేలా చూడడం దాని పని. భయంతో ఒకరిని చూసి ఒకరు అమ్ముకోకుండా ‘ఇల్లు అమ్మబడును’ బోర్డులు పెట్టడాన్ని కూడా ఊరు ఆపించింది. 1970ల చివర్లో ఇంటి విలువకి ఒక రకమైన బీమా తెచ్చింది. చేరి ఐదేళ్లయ్యాక ఇల్లు నష్టానికి అమ్ముకోవాల్సి వస్తే, ఆ నష్టంలో 80 శాతం ఊరే భరిస్తుందని మాటిచ్చింది. ఎవరు ఎక్కడ ఉండాలో ఒక సంస్థ నచ్చజెప్పడం సబబేనా అన్న వాదన అప్పుడూ ఉంది, అందులో నిజం కూడా ఉంది. అయినా జనం పారిపోలేదు.

రైట్ ఇంటిని బాగుచెయ్యడానికి సంస్థ పెట్టిన 1974, ఈ ఏర్పాట్లన్నీ జరుగుతున్న ఏళ్ల మధ్యలోనే వస్తుంది. ఊరు ఖాళీ అవుతుంటే ఆ ఇంటి మీద ఎవరు డబ్బు పెట్టేవాళ్లు? హర్ట్లీ ఇంటి ఇటుకలు ఈరోజు చెక్కుచెదరకుండా కనిపించడంలో రైట్ ప్రతిభకి ఎంత వాటా ఉందో, 1968 శాసనానికీ అంత వాటా ఉందని నేను నమ్ముతాను. టూర్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇటుకలు, రంగు అద్దాలు, చూరులు చూసి వెనక్కి తిరుగుతారు. రైట్ స్టూడియో ఉన్న షికాగో అవెన్యూ మీదే తూర్పుకి ఇంకో పావుగంట నడిస్తే, ఈస్ట్ అవెన్యూ మలుపులో జూలియన్ ఇల్లు ఉంటుంది.