కురుసురలో మన కాళ్ల కింద ఉండే కరెంటు

విశాఖ బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని చూడటానికి వెళ్లినవాళ్లు టార్పెడోల దగ్గర ఆగుతారు, పెరిస్కోప్ దగ్గర ఫొటో దిగుతారు, ఇంత ఇరుకులో అంతమంది నెలల తరబడి ఎలా ఉన్నారబ్బా అనుకుంటూ బయటికొచ్చేస్తారు. ఎవరైనా వెళ్తున్నామంటే నేను మాత్రం ఒకటే చెబుతాను: రెండో గదిలోనూ, నాలుగో గదిలోనూ కాసేపు ఆగండి. మంచాలు కనిపిస్తాయి కదా, ఆ గదుల నేల కిందే ఈ జలాంతర్గామి సర్వీసులో ఉన్నన్నాళ్లూ దాని ప్రాణం ఉండేది. 448 లెడ్-యాసిడ్ సెల్స్. మన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీలో జరిగే రసాయన చర్యే అక్కడా జరుగుతుంది, కాకపోతే ఒక్కో సెల్‌ను క్రేనుతో దించాల్సినంత బరువు.

కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైంది, 1969 డిసెంబరులో అక్కడి రేవు పట్టణం రీగాలో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది. పొడవు 91 మీటర్లు. ఒక్కోటి 2,000 హార్స్‌పవర్ ఉన్న మూడు డీజిల్ ఇంజిన్లున్నాయి. అన్ని ఇంజిన్లుండగా ఇన్ని బ్యాటరీలెందుకంటే, డీజిల్ మండాలంటే గాలి కావాలి, నీళ్ల కింద గాలి లేదు. అంతే. పూర్తిగా మునిగిన క్షణం నుంచి ప్రొపెల్లర్ తిరగడం, లైట్లు, సోనార్ (శబ్దంతో చుట్టుపక్కల ఏముందో పసిగట్టే పరికరం), పంపులు, ఫ్యాన్లు, వంటగది, అన్నీ బ్యాటరీ మీదే.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ షాఫ్ట్ అమరిక. డీజిల్, దాని వెనక క్లచ్, ఆ వెనక ఎలక్ట్రిక్ మోటారు, మళ్లీ క్లచ్, చివర ప్రొపెల్లర్, అన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఇలాంటి వరసలు మూడు. నీటి కింద డీజిల్ వైపు క్లచ్ విడదీస్తే మోటారు బ్యాటరీ కరెంటుతో ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. పైకొచ్చాక ప్రొపెల్లర్ వైపు క్లచ్ విడదీసి డీజిల్‌తో ఆ మోటారునే తిప్పితే అది జనరేటర్ అయిపోయి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. చార్జింగుకని వేరే పెద్ద జనరేటర్ మోసుకెళ్లక్కర్లేదు. నడిమి షాఫ్ట్‌కు 2,700 హార్స్‌పవర్ మోటారు, అటూ ఇటూ 1,350 చొప్పున రెండు, చప్పుడు లేకుండా మెల్లగా పాకడానికి విడిగా ఒక చిన్న మోటారు.

సెల్‌కు సుమారు 2 వోల్టులు, 112 సెల్స్ ఒక వరసలో కలిపితే 220 పైచిలుకు వోల్టుల డీసీ వస్తుంది, అలాంటి గుంపులు నాలుగు. ఛార్జింగ్ చివర్లో ఈ వోల్టేజీ బాగా పెరుగుతుంది, బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ పడిపోతుంది, కాబట్టి లోపలున్న ప్రతి పరికరం ఆ హెచ్చుతగ్గుల్ని తట్టుకోవాలి. ఏసీ కరెంటు (మన ఇళ్లకు వచ్చే రకం) కావాల్సిన పరికరాలకి డీసీ మోటారుతో ఒక ఏసీ జనరేటర్‌ను తిప్పి ఇస్తారు.

ఇక అసలు లెక్క. నీటిలో వేగం పెరిగితే దానికి కావాల్సిన పవర్ వేగం ఘనం చొప్పున పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు. ఈ తరగతి జలాంతర్గామి మునిగి ఉన్నప్పుడు గంటకు దాదాపు 28 కిలోమీటర్ల దాకా పోగలదు, కానీ ఐదో వంతు వేగంతో పాకడానికి పట్టే పవర్‌తో పోలిస్తే అందుకు 125 రెట్లు కావాలి! పైగా లెడ్-యాసిడ్ బ్యాటరీని ఎంత హడావిడిగా వాడితే మొత్తంగా అది ఇచ్చే కరెంటు అంత తగ్గుతుంది. అందుకే పూర్తి వేగమంటే ఇంచుమించు గంటసేపటి మాట, పాకితే రోజుల మాట. శత్రువు తరుముతుంటే పారిపోవాలా, కదలకుండా ఉండాలా అన్నది ధైర్యానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, కెప్టెన్ ముందు చూసేది బ్యాటరీలో ఎంత మిగిలిందనే.

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ అణు క్షిపణుల మీద అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుదాకా వెళ్లిన క్యూబా సంక్షోభం అప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. కురుసుర తరగతికే చెందిన, అమెరికా కూటమి నాటో ఫాక్స్‌ట్రాట్ అని పిలిచే నాలుగు సోవియట్ జలాంతర్గాములు అట్లాంటిక్ దాటి వచ్చాయి. అందులో బి-59 అమెరికా నౌకల మధ్య చిక్కుకుంది. వాటి కంట పడకుండా ఛార్జింగుకి పైకి వచ్చే వీల్లేదు, లోపల 45 డిగ్రీలు దాటిన వేడి, పైకి తేలమని హెచ్చరికగా వేస్తున్న చిన్న బాంబుల మోత, పడవలో అణు టార్పెడో. అక్టోబరు 27 రాత్రి అది పైకి తేలింది. లోపల అధికారుల మధ్య ఏం జరిగిందో, అణు టార్పెడో వాడొద్దన్న అధికారి వాసిలీ అర్ఖిపోవ్ ఎలా నిగ్రహం చూపించాడో చాలామంది రాశారు. బ్యాటరీ దాదాపు అయిపోయిందన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు, నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఛార్జ్ ఉండి ఉంటే ఆ టెన్షన్ అంతదాకా వచ్చేదే కాదేమో.

ఈ బ్యాటరీ ప్రమాదకరమైనది కూడా. ఛార్జింగ్ చివరి దశలో కరెంటు యాసిడ్‌లోని నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఫ్యాన్లు ఆగకూడదు, హైడ్రోజన్ మీటరు మీద కన్ను తియ్యకూడదు. సిబ్బంది నేల కింద సెల్స్ ఉండే ఆ ఇరుకులో దాదాపు పడుకుని, ఒంటిమీద ఉంగరం, వాచీ లాంటి లోహమేదీ లేకుండా, ఒక్కో సెల్ వోల్టేజీ, యాసిడ్ సాంద్రత చూసి రాసుకుంటారు, డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. వరసలో ఒక్క సెల్ బలహీనపడి ముందే ఖాళీ అయితే మిగతా 111 సెల్స్ దానిలోంచి బలవంతంగా కరెంటు తోస్తాయి, దాని ప్లస్, మైనస్ ఉల్టా అయి వేడెక్కిపోతుంది. 2010 ఫిబ్రవరిలో విశాఖలోనే ఐఎన్ఎస్ సింధురక్షక్‌లో బ్యాటరీ నుంచి లీకైన హైడ్రోజన్ అంటుకుని ఒక నావికుడు చనిపోయాడు.

సముద్రపు నీరు తగిలితే ఇంకా ఘోరం, అందులోని ఉప్పు వల్ల క్లోరిన్ విషవాయువు పుడుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. 2017 నవంబరులో అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ స్నార్కెల్ (నీటి పైకి చాచి డీజిల్‌కు గాలి పీల్చుకునే) గొట్టంలోంచి నీళ్లొచ్చి బ్యాటరీ షార్టయిందని మెసేజ్ పంపింది, ఆ తర్వాత అందులో ఉన్న 44 మందీ తిరిగి రాలేదు. ఏడాది తర్వాత 900 మీటర్ల లోతున దొరికింది.

ఇప్పటి మన కల్వరి తరగతి జలాంతర్గాముల్లోనూ లెడ్-యాసిడ్ బ్యాటరీలే, ఒక్కో జలాంతర్గామిలో 360 సెల్స్, ఒక్కో సెల్ 750 కిలోలు. జపాన్ 2020లో ఓర్యూ అనే జలాంతర్గామిలో లిథియం-అయాన్ పెట్టింది. అదే జాగాలో ఎక్కువ కరెంటు దాచుకోవచ్చు, తొందరగా ఛార్జ్ అవుతుంది, వేగంగా వాడినా పెద్దగా నష్టపోదు. కాకపోతే లిథియం సెల్ ఒకటి అంటుకుంటే పక్కదానికి పాకుతుంది, ఆ మంటకి బయటి గాలితో పనిలేదు, నీళ్ల కింద ఉన్నవాళ్లకి తలుపు తీసుకుని బయటికొచ్చే దారీ లేదు. మిగతా నౌకాదళాల్లో చాలావరకు లెడ్-యాసిడ్ బ్యాటరీల్ని ఇంకా వదలకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.