రీజినల్ పైలట్ల కొత్త కాంట్రాక్ట్: గంట రేటు చుట్టూ అపోహలు, వాస్తవాలు

అమెరికాలో ఏ రీజినల్ ఎయిర్‌లైన్‌కు, అంటే పెద్ద సంస్థల కోసం చిన్న జెట్లు నడిపే కంపెనీకి, కొత్త కాంట్రాక్ట్ కుదిరినా అన్నిటికంటే ముందు బయటికొచ్చేది జీతాల పట్టిక. ఒక పక్క సర్వీసు సంవత్సరాలు, పైన కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) అని రెండు వరసలు, గడుల్లో గంటకు ఇన్ని డాలర్లని అంకెలు. ఫోన్లలో తిరిగేది ఆ ఒక్క పేజీయే. కాంట్రాక్ట్ మాత్రం వందల పేజీలు ఉంటుంది.

నేనొక రీజినల్‌లో కెప్టెన్‌ని. కాంట్రాక్ట్‌లో జీతాల సెక్షన్లు చదివి తోటి పైలట్లకు విడమరిచి చెప్పే యూనియన్ పని కూడా చేస్తుంటాను. మన తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ వృత్తి వైపు చూస్తున్నారు. ట్రైనింగ్‌కి లక్ష డాలర్లకు అటూ ఇటూ అప్పు చేసే ముందు ఆ ఒక్క పేజీ చూసి లెక్కలు వేసుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ పేజీలో అబద్ధమేమీ ఉండదు. కానీ చేతికి ఎంత వస్తుందో తేల్చే సంగతులు దాదాపు అన్నీ మిగతా పేజీల్లోనే ఉంటాయి.

అపోహ: గంటకు 90 డాలర్లంటే ఏడాదికి 1,87,000 డాలర్లు

వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు, అంటే 2,080 గంటలు. దాన్ని 90తో గుణిస్తే వచ్చేది 1,87,200. ఆఫీసు ఉద్యోగానికి సరిపోయే లెక్క ఇది, పైలట్‌కి కాదు. మా గంటను బ్లాక్ టైం అంటారు. విమానం గేటు దగ్గర బ్రేకులు వదిలి కదిలినప్పుడు మొదలై, దిగిన ఊళ్ళో గేటు దగ్గర ఆగగానే అయిపోతుంది. అంతకుముందు విమానం చుట్టూ తిరిగి చేసే తనిఖీ, ప్యాసింజర్లు ఎక్కే సమయం, రెండు ఫ్లైట్ల మధ్య టెర్మినల్‌లో గడిపే గంటలు, రాత్రి హోటల్ వ్యాన్ కోసం ఎదురుచూపులు, ఇవేవీ అందులోకి రావు.

పైగా 2,080 గంటలు నడపడానికి చట్టం ఒప్పుకోదు. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పార్ట్ 117 నిబంధనల ప్రకారం 365 రోజుల్లో 1,000 గంటలకు మించి, 28 రోజుల్లో 100 గంటలకు మించి ఏ పైలట్ చేతా విమానం నడిపించకూడదు.

కాబట్టి చూడాల్సింది నెలవారీ గ్యారంటీ. తక్కువ నడిపినా ఇన్ని గంటల జీతం ఖాయం అని కంపెనీ రాసిచ్చే మాట అది. చాలా రీజినల్స్‌లో 75 గంటలకు దగ్గర్లో ఉంటుంది. 90 ఇంటూ 75 ఇంటూ 12 చేయండి: 81,000 డాలర్లు, పన్నులు కట్టకముందు. గౌరవంగా బతకగలిగే జీతమే. కానీ 1,87,000 వస్తాయనుకుని అప్పు చేసినవాడికి ఈ తేడా తెలిసేసరికి వాయిదాలు మొదలై ఉంటాయి.

పర్ డీమ్ అని ఇంకొకటి కలుస్తుంది. ట్రిప్ మీద బేస్‌కి, అంటే మన డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్ట్‌కి, దూరంగా ఉన్న ప్రతి గంటకూ కొద్దిగా ఇస్తారు. అది తిండి ఖర్చుకే సరిపోతుంది. దయచేసి జీతంలో కలిపి లెక్క వేసుకోవద్దు.

అపోహ: రెండు ఎయిర్‌లైన్స్‌లో గంట రేటు ఎక్కువున్నదే మంచి కాంట్రాక్ట్

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది దీని గురించే. కొత్తవాళ్ళు పూర్తిగా వదిలేసే సెక్షన్ ఒకటుంది: రిగ్స్. మిమ్మల్ని ఇంటికి దూరంగా ఉంచి తక్కువ నడిపించినా కంపెనీ మీకు కనీసం ఇంత కట్టాలి అని చెప్పే సూత్రాలివి.

ట్రిప్ రిగ్ తీసుకుందాం. ఒకటికి నాలుగు అని రాసి ఉంటే, బేస్ వదిలి తిరిగొచ్చేవరకు గడిచిన ప్రతి నాలుగు గంటలకూ ఒక గంట జీతం కనీసం రావాలన్నమాట. నాలుగు రోజుల ట్రిప్‌లో మీరు 90 గంటలు బయట ఉన్నారు, నడిపింది 17 గంటలే అనుకోండి. ఈ రిగ్ ఉంటే 22 గంటల 30 నిమిషాల జీతం వస్తుంది. లేకపోతే 17 గంటలదే. గంటకు 90 డాలర్ల లెక్కన ఆ ఒక్క ట్రిప్ మీద తేడా 495 డాలర్లు. రిగ్ లేని కాంట్రాక్ట్‌లో గంటకు ఐదు డాలర్లు ఎక్కువిచ్చినా ఈ ట్రిప్‌లో దక్కేది 85 డాలర్లే.

డ్యూటీ రిగ్ కూడా అలాంటిదే, రోజుకు వర్తిస్తుంది. ఒకటికి రెండు అయితే 12 గంటల డ్యూటీలో నాలుగు గంటలే నడిపినా ఆరు గంటలు కట్టాలి. రీజినల్ ఫ్లైట్లు చిన్నవి. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగుతాం, మధ్యలో ఖాళీలు ఎక్కువ. పెద్ద విమానంలో సముద్రం దాటే పైలట్ కంటే మాకు రిగ్స్ అవసరం ఎక్కువ.

రిగ్ బలంగా ఉంటే జీతం ఒక్కటే మారదు. ఖాళీగా కూర్చోబెట్టినా డబ్బు కట్టాలని తెలిసిన కంపెనీ ట్రిప్పులను బిగువుగా తయారుచేస్తుంది. మీరు ఇంటికి త్వరగా వస్తారు. ఏ రేటు పట్టికలోనూ ఇది కనిపించదు.

రిగ్స్‌తో పాటు ఇంకో మూడు చూడండి. వాతావరణం వల్ల ఫ్లైట్ రద్దయితే ఆ గంటలు కడతారా లేదా? డెడ్‌హెడ్‌కి, అంటే కంపెనీ పని మీద ప్యాసింజర్‌లా కూర్చుని వెళ్తే, పూర్తి జీతమా, సగమా? రిజర్వ్‌లో, అంటే పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉండే డ్యూటీలో, ఉన్నప్పుడు గ్యారంటీ ఎంత, ఎంతసేపట్లో ఎయిర్‌పోర్ట్‌కి చేరాలి? చేరిన కొత్తలో ఎక్కువమంది రిజర్వ్‌లోనే ఉంటారు. రెండు గంటల్లో రావాలంటే బేస్ ఉన్న ఊళ్ళో అద్దె కట్టక తప్పదు. ఆ అద్దె కూడా మీ గంట రేటులోంచి పోయేదే.

అపోహ: పట్టికలోకి ఎక్కిన రేటు ఇక తగ్గదు

2022 జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు సొంత సంస్థలైన ఎన్‌వాయ్, పీడ్‌మాంట్ మొదటి ఏడాది ఫస్ట్ ఆఫీసర్‌కు గంటకు 90 డాలర్లు, మొదటి ఏడాది కెప్టెన్‌కు 146 డాలర్లు ప్రకటించాయి. ఆ వేసవిలోనే మేసా అనే మరో రీజినల్ 100, 150 అంది. అప్పటిదాకా ఈ రంగం చూడని అంకెలవి. అయితే ఎన్‌వాయ్, పీడ్‌మాంట్ రేట్లలో కొంత భాగం 2024 ఆగస్టు ఆఖరు వరకే వర్తించే తాత్కాలిక ప్రీమియం. ఆ సంగతి అప్పుడే బహిరంగంగా చెప్పారు. అయినా జనం నోళ్ళలో మిగిలింది 90 ఒక్కటే.

పట్టికలో 90 అని ఉంటే అందులో శాశ్వతమైన భాగం ఎంత, గడువున్న భాగం ఎంత అని విడిగా అడగండి. 60 శాశ్వతం, మిగతా 30 ప్రీమియం అయితే, గడువు తీరాక దాన్ని పొడిగిస్తారా లేదా అన్నది మళ్ళీ బేరానికి వస్తుంది. అప్పటికి పైలట్ల కొరత తీరిపోయి ఉంటే బేరంలో మన చేయి కిందే ఉంటుంది. జాయినింగ్ బోనస్‌లకూ ఇదే వర్తిస్తుంది. అవి ఒక్కసారి వచ్చేవి, చాలావాటికి ఇన్నేళ్ళు పనిచేయాలన్న షరతు ఉంటుంది. ముందే మానేస్తే వెనక్కి కట్టాలి. రిటైర్మెంట్ ఖాతాకు కంపెనీ వేసే శాతాన్ని సాధారణంగా జీతం మీద లెక్కిస్తారు. బోనస్ మీద ఆ శాతం పడుతుందో లేదో కాంట్రాక్ట్‌లో వెతికి చూడాలి.

అపోహ: జీతాలు కంపెనీల మంచితనంతో పెరిగాయి

కాదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే రీజినల్ కంపెనీ ఫ్లైట్ 3407 కూలిపోయింది. కింద ఇంట్లో ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. ఫస్ట్ ఆఫీసర్ సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి నెవార్క్ చేరి డ్యూటీ ఎక్కారని దర్యాప్తులో తేలింది. రీజినల్ పైలట్ల జీతాలెంతో, వాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో దేశం మొదటిసారి శ్రద్ధగా విన్నది ఆ విచారణల్లోనే. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టువదలకుండా వాషింగ్టన్ చుట్టూ తిరిగాయి. 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా ఏటీపీ సర్టిఫికెట్ (పైలట్ లైసెన్సుల్లో అన్నిటికంటే పైది), మామూలుగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయ్యింది. ఏవియేషన్ డిగ్రీ, మిలిటరీ నేపథ్యం ఉన్నవాళ్ళకు కొంత సడలింపు ఉంది.

అంతకుముందు గంటకు 20, 25 డాలర్లకు కొత్తవాళ్ళు దొరికేవారు. 1,500 గంటలు సంపాదించుకున్నవాళ్ళు ఆ రేటుకు రారు కదా. 2020లో కోవిడ్ వచ్చి పెద్ద ఎయిర్‌లైన్స్ వేలమందిని ముందస్తు రిటైర్మెంట్‌కు పంపాయి. ప్రయాణాలు మళ్ళీ ఊపందుకోగానే ఆ ఖాళీలను రీజినల్ కెప్టెన్లతో నింపుకున్నాయి. నడిపేవాళ్ళు లేక రీజినల్ జెట్లు నేల మీదే ఉండిపోయాయి, చిన్న ఊళ్ళకు సర్వీసులు ఆగాయి. 2022 రేట్లు అలా వచ్చినవే. ఈ చరిత్రను చులకనగా మాట్లాడేవాళ్ళను నేను సహించలేను. ఆ 1,500 గంటల వెనక 50 ప్రాణాలున్నాయి.

అపోహ: మా జీతం పెరిగితే టికెట్ ధర పెంచి రాబడతారు

చాలా రీజినల్ ఫ్లైట్లలో టికెట్ ధర రీజినల్ కంపెనీ చేతిలోనే ఉండదు. డెల్టా, యునైటెడ్, అమెరికన్ లాంటి పెద్ద సంస్థే టికెట్ అమ్ముతుంది, సాధారణంగా ఇంధనం ఖర్చు భరిస్తుంది, నడిపినందుకు రీజినల్‌కు ఇంతని కడుతుంది. పైలట్ల జీతాలు ఆ రెండు కంపెనీల మధ్య ఒప్పందంలో ఇరుక్కుని ఉంటాయి.

విమానం మీద రంగు పెద్ద సంస్థదే కాబట్టి జీతమూ వాళ్ళ పైలట్లదే అనుకోవడం దీనికి తోబుట్టువు లాంటి అపోహ. యూనియన్ వేరు, కాంట్రాక్ట్ వేరు, సీనియారిటీ లిస్టు వేరు. పెద్ద ఎయిర్‌లైన్స్ పైలట్ల కాంట్రాక్టుల్లో స్కోప్ అనే నిబంధన ఉంటుంది. రీజినల్‌కు అప్పగించే జెట్లు గరిష్ఠంగా 76 సీట్లు, 86,000 పౌండ్ల టేకాఫ్ బరువు దాటకూడదన్నది దానిలో ముఖ్యమైన హద్దు. అంటే మా జీతాల పైకప్పు కొంతవరకు మేం ఓటు వేయని కాంట్రాక్ట్‌లో రాసి ఉంది. స్కైవెస్ట్ అనే రీజినల్ పైలట్లకైతే జాతీయ యూనియనే లేదు, కంపెనీలోని సొంత సంఘమే మాట్లాడుతుంది.

అపోహ: ఏటా ఒక గడి దిగుతూ వెళ్తే చాలు

అసలు పెద్ద పెంపు కెప్టెన్ అయినప్పుడే. దానికి ఎయిర్‌లైన్ ఫ్లయింగ్‌లో 1,000 గంటలు ఉండాలన్నది ఎఫ్‌ఏఏ నిబంధన. రిజర్వ్‌లో ఉండి నెలకు 30 గంటలే నడిపితే గ్యారంటీ జీతం వస్తుంది గానీ ఆ 1,000 గంటలు చేరడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. కంపెనీ మారితే సీనియారిటీ మళ్ళీ అట్టడుగు నుంచి మొదలు, జీతం కూడా సాధారణంగా మొదటి ఏడాది గడి నుంచే.

అపోహ: ఎక్కువ పనిచేస్తే ఓవర్‌టైం చట్టప్రకారం ఒకటిన్నర రెట్లు

ఎయిర్‌లైన్ ఉద్యోగులకు ఫెడరల్ ఓవర్‌టైం నియమం వర్తించదు. ఒకటిన్నర రెట్లయినా, రెండు రెట్లయినా కాంట్రాక్ట్‌లో రాసుకుంటేనే.

అపోహ: ‘నో’ ఓటు వేస్తే కంపెనీ దిగొస్తుంది, లేదంటే సమ్మె

యూనియన్, కంపెనీ కుదుర్చుకున్న ముసాయిదా ఒప్పందం మీద పైలట్లు వేసే ఓటు ఇది. మాకు వర్తించే చట్టం 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్. 1936లో ఎయిర్‌లైన్స్‌కు విస్తరించారు. దీని కింద కాంట్రాక్ట్ గడువు ముగిసిపోవడం ఉండదు. ఫలానా తేదీ నుంచి సవరణకు వీలుంటుంది, అంతే. కొత్తది కుదిరేవరకు పాత రేట్లే నడుస్తాయి. చర్చలు నిలిచిపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిగా వస్తుంది. ఆ బోర్డు విడుదల చేయనిదే సమ్మె కుదరదు. విడుదల చేశాక 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత కూడా అధ్యక్షుడు అత్యవసర బోర్డును వేయవచ్చు. ఇదంతా ఏళ్ళు పట్టవచ్చు.

సమ్మె అసాధ్యమేమీ కాదు. 2001లో కోమెయిర్ పైలట్లు 89 రోజులు సమ్మె చేశారు. వాళ్ళు నడిపినవీ రీజినల్ జెట్లే. ఆ రోజుల్లో వాళ్ళు నిలబడినందుకు నాకు ఇప్పటికీ గౌరవం. కానీ ఒక్క ‘నో’ ఓటుకూ, సమ్మెకూ మధ్య ఎంత దూరముందో తెలిసే ఓటు వేయాలి.

అలాగని వచ్చిన ప్రతి ముసాయిదా ఒప్పందానికీ ‘యెస్’ అనమని కాదు. బలహీనమైన రిగ్స్‌కు ‘యెస్’ అంటే వాటితో ఏళ్ళ తరబడి బతకాలి. నేనైతే రేటు పట్టిక కంటే ముందు కాలపరిమితి సెక్షన్ తెరుస్తాను. సవరణ తేదీ ఎప్పుడు? అది దాటి చర్చలు సాగుతుంటే ఏటా ఎంతో కొంత పెంపు ఆగకుండా వస్తుందా? ఆలస్యమైన కాలానికి వెనకటి బకాయి కడతామని రాశారా, లేక దాని బదులు ఒకేసారి కొంత మొత్తం చేతిలో పెడుతున్నారా? ఒకేసారి ఇచ్చేదైతే ఎవరెవరికి? మధ్యలో వేరే కంపెనీకి వెళ్ళిపోయినవాళ్ళకు ఉందా, లేదా? యూనియన్ వివరణ సభల్లో ఈ ప్రశ్నలు అడగండి, జవాబు ఏ పేరాలో ఉందో చూపించమనండి.