నర్సులకు స్టాటిస్టిక్స్ ఎందుకంత భయం? నా క్లాసులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండలో నర్సింగ్ విద్యార్థులకు రీసెర్చ్, స్టాటిస్టిక్స్ పాఠం చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసి, పోస్ట్ బేసిక్ బీఎస్సీ కోసం మళ్లీ బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఇంట్లో పిల్లల చదువులు, అత్తమామల మందులు, వీటి మధ్య చదువు. రెండేళ్ల కోర్సులో రెండో ఏడాది ఈ సబ్జెక్టు వస్తుంది. సీనియర్లు చెప్పిన మాటలు విని, పుస్తకం తెరవకముందే టెన్షన్ పెట్టుకుని వస్తారు. ఆ మాటల్లో నిజమెంతో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: "నాకు లెక్కలు రావు, ఈ సబ్జెక్టు నాతోని కాదు"

ఇది ప్రతి బ్యాచ్‌లో వినే మాట. ఒకసారి దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక సిస్టర్‌ను బోర్డు దగ్గరికి పిలిచాను. పద్నాలుగేళ్ల సర్వీసు ఆమెది. బోర్డు మీద సిగ్మా గుర్తు ఉంది. చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "టెన్త్ తర్వాత లెక్కల మొఖం చూడలే మేడమ్. బైపీసీ తీసుకున్నదే గందుకు" అంది. గొంతు వణుకుతోంది.

బోర్డు తుడిచేశాను. "సరేనమ్మా, 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో పోవాలె. సెట్టు ఎంఎల్‌కు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతవ్?"

"42" అంది, ఆలోచించకుండానే.

ఎలా వచ్చిందో రాయమన్నాను. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.66, అంటే 42. చకచకా రాసేసింది. సగటు లెక్కలో ఇంత పని కూడా లేదు. అన్నీ కూడాలి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించాలి. సిగ్మా అంటే "అన్నీ కూడు" అని చెప్పే గుర్తు, అంతకు మించి దానిలో ఏమీ లేదు. విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలో వచ్చేవి తీసివేత, వర్గం, కూడిక, భాగహారం, వర్గమూలం. అన్నీ పదో తరగతి లోపు చదివినవే. వర్గమూలం పని క్యాలిక్యులేటర్ చూసుకుంటుంది.

పసిపిల్లల డోసు కిలోల లెక్కన కట్టి, తప్పు పోకుండా ఇంజెక్షన్ ఇచ్చే మనిషికి లెక్కలు రావంటే నేను ఒప్పుకోను.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ మాటలన్నీ కొత్త

కొత్తవి కావు, పేర్లు మారాయి. పదో తరగతి లెక్కల పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం అని ఒక పాఠం ఉండేది, గుర్తు తెచ్చుకోండి. అందులోని అంకమధ్యమమే ఇప్పుడు మీన్. మధ్యగతం మీడియన్, బాహుళకం మోడ్, సంభావ్యత ప్రాబబిలిటీ. నోటు పుస్తకం చివరి పేజీలో రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుంటే సగం భయం ఆ రోజే పోతుంది.

అపోహ: సగటు తెలిస్తే సంగతంతా తెలిసినట్టే

ఇది నల్గొండ మనిషికి బాగా అర్థం కావాల్సిన విషయం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక ఊళ్లో నాలుగు బోర్లు ఉన్నాయనుకుందాం. వాటిలో ఫ్లోరైడ్ 0.5, 0.5, 0.6, 4.0. మొత్తం 5.6, సగటు 1.4. కాగితం మీద ఊరు క్షేమం. కానీ సగటు నీళ్లు ఎవరూ తాగరు. నాలుగో బోరు దగ్గర బిందె నింపుకునే ఇంట్లో పిల్లల పళ్లు పచ్చబడతాయి, ఏళ్లు గడిస్తే కాళ్లు వంకరపోతాయి, నడుం వంగిపోతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం వర్ణించనక్కర్లేదు.

అందుకే సగటు పక్కన ఎప్పుడూ స్టాండర్డ్ డీవియేషన్ ఉండాలి. విలువలు సగటుకు దగ్గరగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా అన్నది అదే చెబుతుంది. 118, 119, 120, 121, 122 సిస్టాలిక్ బీపీ ఉన్న ఐదుగురి సగటు 120. 90, 100, 120, 140, 150 ఉన్న ఐదుగురి సగటూ 120. మొదటి గదిలో స్టాండర్డ్ డీవియేషన్ ఒకటిన్నర చిల్లర, రెండో గదిలో 25 దాటుతుంది. ఏ గదికి ముందు పరిగెత్తాలో నర్సుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అపోహ: ఎక్కువమందిని అడిగితే సర్వే కరెక్టు

ఎంతమందిని అడిగామన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరు దొరికారన్నది కూడా చూడాలి. పాలమూరు పల్లెల్లో పనులు లేని రోజుల్లో ఇంటింటికీ తిరిగితే తాళాలే ఎక్కువ కనిపిస్తాయి. వయసులో ఉన్నవాళ్లు ముంబైకో, పుణెకో వలస పోయి ఉంటారు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, చిన్నపిల్లలు మిగులుతారు. అలా రెండు వేల మంది బీపీ చూసి "ఈ మండలంలో ఇంత శాతం బీపీ" అని రాస్తే, రాసింది మండలం గురించి కాదు, ఊళ్లో మిగిలినవాళ్ల గురించి. జాగ్రత్తగా ఎంచుకున్న రెండు వందల మంది అంతకంటే నిజం చెబుతారు.

అపోహ: టెస్ట్ పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టే

దీని మీద నేను రెండు క్లాసులు తీసుకుంటాను. రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చే మనిషి ముందుగా కనిపించేది డాక్టర్‌కు కాదు, మనకే.

వెయ్యి మందిలో పది మందికి ఒక జబ్బు ఉందనుకోండి. టెస్ట్ మంచిదే. జబ్బున్న నూరు మందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని నూరు మందిలో 90 మందిని నెగటివ్ అని సరిగ్గా చెబుతుంది. ఇప్పుడు వెయ్యి మందికీ చేస్తే? జబ్బున్న పది మందిలో 9 మందికి పాజిటివ్. జబ్బు లేని 990 మందిలో పదో వంతు, అంటే 99 మందికి కూడా పాజిటివ్. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నది 9 మందికి. నూటికి ఎనిమిది చిల్లర.

మొదటిసారి ఈ లెక్క వేశాక క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఇది టెస్ట్ తప్పు కాదు, ఆ గుంపులో జబ్బు అరుదుగా ఉండటం వల్ల వచ్చే ఫలితం. లక్షణాలున్న పేషెంట్లకే ఇదే టెస్ట్ చేస్తే పాజిటివ్ మాటకు బరువు పెరుగుతుంది. స్క్రీనింగ్ పాజిటివ్ వచ్చిన తల్లికి "ఇంకో పరీక్ష చేసి నిర్ధారించుకుందాం అమ్మా" అని నిబ్బరంగా చెప్పాలంటే ఈ లెక్క మనకు లోపల తెలిసి ఉండాలి.

అపోహ: పి-వాల్యూ 0.03 వస్తే 97 శాతం మన మాట నిజమైనట్టు

ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఒక గుంపు తల్లులకు ఓఆర్ఎస్ కలిపే పద్ధతి నేర్పాం, ఇంకో గుంపుకు నేర్పలేదు. మార్కుల్లో తేడా వచ్చింది. నిజానికి మన బోధనకు ఏ ప్రభావమూ లేదనే అనుకుందాం. అప్పుడు కూడా కాకతాళీయంగా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం నూటికి మూడు. 0.03కు అర్థం ఇంతే. తేడా పెద్దదా చిన్నదా అన్నది అది చెప్పదు. వేలమందిని తీసుకుంటే అర మార్కు తేడాకు కూడా పి-వాల్యూ చిన్నగా రావచ్చు. ఆ అర మార్కుతో ఏ బిడ్డ విరేచనాలూ ఆగవు.

అపోహ: అదంతా కంప్యూటర్ చేసేస్తుంది, లేదంటే డబ్బులిచ్చి చేయించుకోవచ్చు

నేను ఎమ్మెస్సీ చేసేటప్పుడు అలాగే చేయించాను. 60 మంది తల్లుల డేటా ఒకాయన చేతిలో పెట్టాను, పట్టికలు తయారై వచ్చాయి. వైవాలో ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: "ఇక్కడ పెయిర్డ్ టి-టెస్ట్ ఎందుకు పెట్టారు?" జవాబు లేదు నా దగ్గర. టి-టెస్ట్ అంటే రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించే పద్ధతి. అదే తల్లులకు బోధనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష పెట్టాను కాబట్టి పెయిర్డ్. వేర్వేరు గుంపులైతే అన్‌పెయిర్డ్. అవును-కాదు లాంటి జవాబులు ఎన్నెన్ని వచ్చాయో లెక్కపెడితే చై-స్క్వేర్. ఇంత చిన్న సంగతి తెలియక ఆ రోజు నా సొంత పని గురించి నేనే చెప్పుకోలేకపోయాను. ఆ బాధ నా విద్యార్థులకు ఉండకూడదనే పట్టుబట్టి చేతితో లెక్కలు చేయిస్తాను.

పైగా కంప్యూటర్‌కు మంచిచెడ్డ తెలియదు. ఆడవాళ్లకు 1, మగవాళ్లకు 2 అని కోడ్ ఇచ్చి సగటు అడిగితే 1.4 అని ఇస్తుంది. 1.4 అంటే ఆడా మగా?

అపోహ: ఇది నర్సింగ్ కాదు, లెక్కల వాళ్ల పని

ప్రతి నర్సింగ్ స్కూల్లో దీపం పట్టుకున్న నైటింగేల్ ఫోటో ఉంటుంది. ఆమె క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలను నెలనెలా లెక్కగట్టి 1858లో చక్రాల్లాంటి పటాలుగా గీసింది. గాయాలతో చనిపోయినవాళ్లకంటే ఆపగలిగే జబ్బులతో చనిపోయినవాళ్లే ఎక్కువని ఆ పటాల్లో కళ్లకు కట్టింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ కూడా ఆమే.

అపోహ: పరీక్ష అయిపోతే దీనితో పని లేదు

బోర్డు దగ్గర నిలబడిపోయిన సిస్టర్ పాసై, డ్యూటీలో చేరాక ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "మేడమ్, మా వార్డుల సెలైన్ సూది పెట్టిన కాడ వాపు వచ్చిన కేసులు రాస్తున్న. జనవరిల 6, ఫిబ్రవరిల 9. పెరిగిందని అందరూ నన్నే అంటున్నరు."

"ఎన్ని సూదులకమ్మా?" అని అడిగాను.

రిజిస్టర్ తిప్పుతున్న చప్పుడు. "జనవరిల 120 మేడమ్. ఫిబ్రవరిల 225." కాసేపు మాట లేదు. తర్వాత తనే అంది: "అయితే ఐదు శాతం ఉన్నది నాలుగైంది. తగ్గింది మేడమ్!"

తగ్గినట్టే కనిపిస్తోంది అన్నాను. ఇంత చిన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చేమో చూసుకోమన్నాను.

"రెండు నెలలతోని చెప్పలేం కదా. ఇంకో నాలుగు నెలలు రాస్త, అప్పుడు చై-స్క్వేర్ వేసి చూపిస్త" అని, బెడ్ నంబర్ ఏడు పిలుస్తున్నాడంటూ ఫోన్ పెట్టేసింది.