మెల్లకన్ను అదృష్టం కాదు: మెదడులో బిగుసుకునే వల కథ

గాజువాక నుంచి ఒక అమ్మ అడిగారు: "మా బాబుకి ఐదేళ్లు, ఎడమ కన్ను మెల్ల. మెల్లకన్ను అదృష్టం, పెద్దయ్యాక చూద్దాంలే అంటున్నారు మా అత్తగారు. ఆగొచ్చా సార్?"

ఆగొద్దమ్మా. ఈ అదృష్టం మాట నమ్మి పిల్లల చూపు పోగొట్టుకుంటుంటే చాలా బాధేస్తుంది. మెల్లకన్ను పంపే బొమ్మ రెండో కంటి బొమ్మతో కలవకపోతే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఈ అలవాటు మాన్పించడం చిన్నప్పుడు సులువు, వయసు పెరిగేకొద్దీ కష్టం. ఎందుకు కష్టమో చెప్పే సంగతి నాకు మహా ఇష్టం.

పాఠ్యపుస్తకాల్లో న్యూరాన్‌కి, అంటే మెదడులోని నాడీకణానికి, రంగులేసి చుట్టూ తెల్లగా వదిలేస్తారు, పిల్లలేమో అక్కడ ఏమీ లేదనుకుంటారు. మెదడులో దాదాపు 20 శాతం ఆ జాగాయే, అందులో ద్రవంతోపాటు చక్కెర గొలుసులూ ప్రొటీన్లూ అల్లుకుని ఉంటాయి. కొన్ని న్యూరాన్ల చుట్టూ ఆ అల్లిక చిక్కబడి అచ్చంగా ఒక వల అవుతుంది. 1898లో ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గోల్జి దీన్ని వర్ణిస్తే, తర్వాత 1906లో ఆయనతో నోబెల్ పంచుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ అది రంగు వేసేటప్పుడు గడ్డకట్టిన పదార్థమేనని కొట్టిపారేశారు.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసేవాళ్ల పక్కన కాసేపు నిలబడి చూడండి, తాడు, ముడి, కన్ను (తాళ్ల మధ్య సందు), ఈ మూడే కదా. ఇక్కడ తాడు హయలురోనన్ అనే చక్కెర గొలుసు, న్యూరాన్ తన పొర నుంచే దాన్ని బయటికి వదులుతుంది. తాడుకి అగ్రికాన్ అనే ప్రొటీన్ వేలాడుతుంది, అది జారకుండా లింక్ ప్రొటీన్ ముడి వేస్తుంది, అగ్రికాన్‌ల అవతలి కొసల్ని టెనాసిన్-ఆర్ కలిపి కడుతుంది. వల కన్నుల్లో సినాప్స్‌లు, అంటే న్యూరాన్లు మాట్లాడుకునే చోట్లు, ఇరుక్కుని ఉంటాయి. వల బిగిశాక కొత్తవి దూరడం కష్టం, పాతవి కదలడమూ కష్టం. ఈ వల పట్టే చేప కూడా ఒకటుంది: అగ్రికాన్ మీది సల్ఫేట్ల రుణావేశానికి ఓటీఎక్స్2 అనే ప్రొటీన్ చిక్కి కణంలోకి వెళ్తుంది, వెళ్లి ఆ వల అలాగే నిలిచేలా చేస్తుంది. చీకట్లో పెంచిన జంతువుల్లో ఈ అల్లిక ఆలస్యమవుతుంది, చూపే వలని అల్లిస్తుందన్నమాట.

2002లో ఇటలీలోని పీసా పరిశోధకులు ఎదిగిన ఎలుకల మెదడులో చూపు చూసుకునే భాగంలో కాండ్రాయిటినేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్‌తో వలని తెంపారు. ఒక కన్ను మూస్తే ఆ మెదడు పిల్ల ఎలుకలో లాగే తెరిచిన కంటివైపు మొగ్గింది! అయితే వల తెంపితే ఆ తర్వాత నేర్చుకున్నవి గట్టిగా నిలవకపోవచ్చు: 2009లో ఎలుకల అమిగ్డాలాలో, అంటే భయాన్ని నేర్చుకునే మెదడు భాగంలో, వల తీసేస్తే, ఆ తర్వాత నేర్చుకున్న భయాలు చెరిపేయడానికి లొంగిపోయాయి. అందుకే పిల్లలకి ఆ ఎంజైమ్ ఇచ్చే ప్రశ్నే లేదు.

మీ బాబుది ఇంకా ఈ అలవాటు మాన్పించగలిగే వయసు. ఈ వారమే కంటి డాక్టర్‌కి చూపించండి. అవసరమైతే కళ్లజోడు ఇస్తారు, లేదా మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేయమంటారు. వాడు పీకేస్తాడు, ఏడుస్తాడు, అయినా మానేయకండి. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ నోట వింటే నమ్ముతారు.